విరించి బ్రౌజర్ మార్చుకున్నాడు

విరించికి గువ్వ అంటే ఇష్టం. గువ్వ ఒక బ్రౌజర్. దాన్ని తయారుచేసినవాళ్ళు పదకొండేళ్ళ క్రితమే చేతులెత్తేశారు. అప్పటినుంచి ఎక్కడెక్కడో ఉన్న ముప్పైమంది ఔత్సాహికులు తీరిక దొరికినప్పుడల్లా అతుకులు వేస్తూ దాన్ని బతికిస్తున్నారు. సగం వెబ్‌సైట్లు అందులో సరిగ్గా తెరుచుకోవు. కరెంటు బిల్లు పేజీ తెరిస్తే అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూచుంటాయి. అయినా విరించి దాన్ని వదలడు.

"అసలేముంది అందులో?" అంది అతని భార్య హైమ ఓ ఆదివారం పొద్దున, ఇడ్లీ పళ్ళెం అతని ముందు పెడుతూ.

"ట్యాబులు ఎడమవైపు నిలువుగా ఉంటాయి. నాది ఎడంచేతివాటం. పేజీ దొరక్కపోతే 'కనిపించలేదండీ, మళ్ళీ చూడమంటారా?' అని తెలుగులో మర్యాదగా అడుగుతుంది. నిన్న నేనేం చదివానో గుర్తుపెట్టుకుని ఇవాళ నా వెంట పడదు."

"అవన్నీ నువ్వు తర్వాత కల్పించుకున్న కారణాలు."

"నీ ల్యాబ్ భాష నా దగ్గర మాట్లాడకు," అని నవ్వాడు విరించి. "మీ దూత బ్రౌజర్ని నా చేత వాడించు చూద్దాం. మీ మిషన్లన్నీ తెచ్చుకో. నీవల్ల కాదు."

తొమ్మిదేళ్ళ ఇందుజ కూడా తండ్రితో కలిసి నవ్వింది. హైమ నవ్వలేదు. సర్వే శాఖలో పటాలు గీసే మనిషి తన పదేళ్ళ పరిశోధనని ఇడ్లీ తింటూ కొట్టిపారేశాడని ఆ రోజంతా ఆమెకి గుచ్చుకుంటూనే ఉంది.

హైమ పనిచేసే ల్యాబ్ విశాఖలో ఋషికొండ దారిలో ఉంది. దానికి పెట్టుబడి దూత బ్రౌజర్ తయారుచేసే కంపెనీది. మనిషికి దేనిమీదైనా అలవాటు కుదిరినప్పుడు మెదడు అడుగున ఒక చిన్న కణాల గుంపు మేలుకుంటుందని హైమ కనిపెట్టింది. దానికి 'చనువు' అని పేరు పెట్టింది కూడా ఆమే. తలకి తీగల టోపీ పెట్టి, స్క్రీన్ మీద నాలుగు బ్రౌజర్ల గుర్తులు చూపిస్తే, తనకి నచ్చినదాని పేరు మనిషి చదివేలోపే పక్కనున్న మానిటర్ మీద గీత ఎగిరేది. కారణాలు ఆ తర్వాత నోటికొచ్చేవి. వేగం అనేవాడొకడు, భద్రత అనేవాడొకడు. గీత మాత్రం అప్పటికే ఎగిరి దిగిపోయి ఉండేది.

ఆ గీతని దించడానికి ల్యాబ్ డైరెక్టర్ పేరిచర్ల మార్కండేయులు ఒక ఉపాయం కనిపెట్టాడు. కంటికి తెలియనంత వేగంగా స్క్రీన్‌ని మినుకుమనిపిస్తే నలభై నిమిషాల్లో చనువు వదులవుతుంది. దాన్ని వాళ్ళు సడలింపు అనేవారు. వదులైనచోట కొత్త గుర్తుని చూపిస్తూ మరో రకంగా మినుకుమనిపిస్తే అది అక్కడ అతుక్కుంటుంది. అది బిగింపు.

ప్రయోగానికి బ్రౌజర్లని ఎంచుకోవడానికి కారణం ఉంది. బ్రౌజర్ మీద ఇష్టం లేని మనిషి లేడు. ఆ ఇష్టం మారితే ఎవరి ప్రాణమూ పోదు. ప్రయోగాలకి అనుమతిచ్చే నైతిక సంఘం వాళ్ళు కూడా ఆ మాటే రాసి సంతకాలు పెట్టారు.

రెండువందల పన్నెండుమంది వచ్చారు. అందరూ దూతకి మారిపోయారు. కానీ కంపెనీవాళ్ళకి అది చాలలేదు.

"వీళ్ళవన్నీ పైపై ఇష్టాలట, హైమా," అన్నాడు మార్కండేయులు. "మొండిఘటం ఒకణ్ణి చూపించమంటున్నారు. ఏళ్ళ తరబడి ఒకటే వాడేవాడు, వాదించేవాడు కావాలట. అలాంటివాడు ఎక్కడ దొరుకుతాడు?"

"మా ఇంట్లో ఉన్నాడు సార్," అంది హైమ.

*

నిజం చెబితే విరించి పట్టుదలకి పోతాడనీ, ఫలితం పాడవుతుందనీ ఆమె తనకి తాను చెప్పుకుంది. అతనికి మాత్రం, ఎక్కువసేపు స్క్రీన్ చూసేవాళ్ళ కళ్ళ అలసట మీద పరీక్ష అని చెప్పింది. విరించి శనివారం పూట లాల్చీ వేసుకుని వచ్చాడు. టోపీ పెట్టించుకుని, "పెళ్ళికొడుకులా ఉన్నానా?" అని అడిగాడు. ఇచ్చిన కాగితాలమీద సంతకాలు పెట్టి, బుద్ధిగా స్క్రీన్‌కేసి చూస్తూ కూచున్నాడు.

మొదటి శనివారం అతని గీత దిగలేదు. నలభై నిమిషాల తర్వాత గువ్వ గుర్తు చూపిస్తే మునుపటంత ఎత్తూ లేచింది. రెండో శనివారం మార్కండేయులు తీవ్రత రెట్టింపు చేశాడు. గీత సగానికి దిగింది. మూడో వారం మళ్ళీ పెంచాలన్నాడు.

"ఇంతవరకూ ఎవరికీ ఇంత ఇవ్వలేదు సార్," అంది హైమ.

"నీ భర్త. నువ్వు వద్దంటే ఆపేస్తాను."

అద్దం అవతల విరించి ఆమెని చూసి చెయ్యి ఊపాడు. అతని గీత ఇంకా మొండిగా సగం ఎత్తున ఉంది. ఇడ్లీ పళ్ళెం ముందు అతను నవ్విన నవ్వు ఆమెకి గుర్తొచ్చింది.

"పెంచండి," అంది.

నలభై నిమిషాల తర్వాత గీత నేలబారుగా పడుకుంది. ఆ వెంటనే దూత గుర్తు చూపించి బిగించారు. గీత లేచి నిలబడింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. హైమ కూడా కొట్టింది.

*

ఆ సాయంత్రం విరించి తనంతట తానే గువ్వని తీసేసి దూతని పెట్టుకున్నాడు.

"ఏమిటీ, మారిపోయావు?" అంది హైమ, నవ్వు ఆపుకుంటూ.

"ఎంత బాగుందో చూడు. ట్యాబులు పైన ఉండడమే నయం, కళ్ళముందు ఉంటాయి. అడక్కుండానే అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. ఇన్నాళ్ళూ ఎందుకు వాడలేదో!" అతని కళ్ళు మెరుస్తున్నాయి.

వారంపాటు హైమ గాలిలో తేలింది. తర్వాత ఒక్కొక్కటే కంటపడసాగాయి. కాఫీ తప్ప ముట్టని మనిషి, టీ ఇస్తే ఏమీ అనకుండా తాగాడు. కిటికీ పక్క కుర్చీలో తప్ప కూచోనివాడు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూచుంటున్నాడు. చొక్కా ఏది తీసిస్తే అది. కూర ఏది వడ్డిస్తే అది. పెళ్ళిరోజున ఆమె కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడితే, "బాగుంది," అన్నాడు. పాలవాడి కొత్త సైకిలు చూసి కూడా ఆ గొంతుతోనే అన్నాడు, పొద్దున.

కూతురు ఇందుకి రోజూ లెక్కలు చెప్పేవాడు. ఇప్పుడూ చెబుతున్నాడు. కింద ఫ్లాటులో ఉండే ఇందు స్నేహితురాలు షాహీన్ వస్తే ఇద్దరికీ సమానంగా చెబుతున్నాడు. ఒకరోజు షాహీన్ వచ్చి ఇందు ఇంకా రాకపోతే, షాహీన్ ఒక్కదానికే గంటసేపు చెప్పాడు. కూతురు ఎక్కడని అడగలేదు.

"అమ్మా, నాన్నకి నామీద కోపమా?" అంది ఇందు.

"పని ఎక్కువైంది, అంతే," అంది హైమ. ఆ రోజే మార్కండేయులుకి చెబుదామనుకుంది. కానీ కంపెనీవాళ్ళు మర్నాడు వస్తున్నారు. వాళ్ళకి చూపించబోయే పరిశోధన పత్రంలో మొదటి పేరు ఆమెదే. చెప్పలేదు.

*

మరో ఆదివారం పొద్దున భీమిలి తీరానికి వెళ్ళారు. షాహీన్ కూడా వచ్చింది. పిల్లలిద్దరూ మోకాలి లోతు నీళ్ళలో ఆడుతున్నారు. విరించి పక్కనే నిలబడ్డాడు. హైమ ఒడ్డున చెప్పులు కాపలా కాస్తూ కూచుంది.

అల పెద్దది వచ్చిందనే అందరికీ తెలిసింది. అది వెనక్కి పోతూ పిల్లల్ని లాక్కుపోయింది. నురగలో రెండు తలలు తేలాయి. షాహీన్ కాస్త ఇవతల. ఇందు నాలుగు బారల అవతల.

"నాన్నా!" అని అరిచింది ఇందు.

విరించి ఆమెకేసి చూశాడు. హైమ ఒడ్డునుంచి అది స్పష్టంగా చూసింది. కూతురి కళ్ళలోకే చూశాడు. చూసి, తల తిప్పి, షాహీన్‌ని పట్టుకుని ఒడ్డుకి ఈదుకొచ్చాడు.

ఇందుని జాలర్లు ఇద్దరు ఈదుకెళ్ళి తెచ్చారు. ఒడ్డున పడుకోబెట్టి పొట్ట నొక్కితే నీళ్ళు కక్కింది. భుజం ఎముక తప్పింది. ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని మంచంమీద కూచున్న పిల్ల, తండ్రి రాగానే గోడవైపు తిరిగిపోయింది.

"నువ్వు దాని మొహం చూశావు!" అంది హైమ వరండాలోకి లాక్కొచ్చి. "చూసి కూడా..."

"షాహీన్ దగ్గరగా ఉంది," అన్నాడు విరించి. "ఇద్దరిలో ఒకర్ని కచ్చితంగా తేగలిగే దూరం అదే. ఇందు కోసం వెళ్ళుంటే ఇద్దరూ పోయేవారేమో. నేను చేసింది తప్పా?"

తప్పు కాదు. ఆ మాట ఒప్పుకోవడమే ఆమెవల్ల కాలేదు.

ఇంటికొచ్చాక మూడో రోజున ఇందు తనే తండ్రి దగ్గరికి వెళ్ళింది. కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూచుంది.

"నాన్నా, నేనంటే నీకు ఇష్టమేనా?"

అతను ల్యాప్‌టాప్ మూసి, నిజాయితీగా ఆలోచించాడు. "ఇష్టమేనమ్మా. పిల్లలందరూ అంటే ఇష్టమే."

ఇందు తల ఊపి లేచి వెళ్ళిపోయింది. అతను మళ్ళీ ల్యాప్‌టాప్ తెరిచాడు. దూత పేజీ వెలగగానే అతని మొహంలో పాత విరించి ఒక్క క్షణం కనబడ్డాడు. అంత ప్రేమగా అతను ఇంట్లో ఇంక దేన్నీ చూడడంలేదు.

*

"మెదడులో బ్రౌజర్‌కి ఒక గది, భార్యకి ఒక గది, బిడ్డకి ఒక గది ఉంటాయనుకున్నాం," అన్నాడు మార్కండేయులు, విరించి గ్రాఫులు తిరగేస్తూ. "లేవు హైమా. ముడి ఒక్కటే. పైపైన లాగితే ఒక పోగు ఊడుతుంది. మనం గట్టిగా లాగాం. మొత్తం ఊడింది."

"మళ్ళీ వెయ్యండి."

"వేసింది మనం కాదుగా. పదిహేనేళ్ళు కలిసి తిని, పోట్లాడుకుని మీరు వేసుకున్నారు. మిషన్‌తో బిగించగలిగేది ఒక్కదాన్నే. ఇప్పుడు అక్కడ దూత ఉంది. రెండోది బిగిస్తే మొదటిది ఊడుతుంది."

"దూతని ఊడదీయండి మరి!"

మార్కండేయులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అరవై రోజులు ఆ ఇష్టం నిలిచిందని చూపిస్తేనే కంపెనీ ఒప్పుకుంటుంది. ఇంకా ముప్పైనాలుగు రోజులుంది. అప్పటిదాకా నీ భర్తని ముట్టుకోనివ్వను. ఆ తర్వాత నీ ఇష్టం."

"మా అమ్మాయి అన్నం తినడంలేదు సార్."

"ముప్పైనాలుగు రోజులు," అన్నాడు అతను జాలిగానే.

ఆ ముప్పైనాలుగు రోజులూ హైమ రోజూ ఫారంలో గళ్ళు నింపింది. 'ఇవాళ ఎన్నిసార్లు దూత తెరిచాడు? వేరే బ్రౌజర్ ఇస్తే విసుక్కున్నాడా?' విసుక్కున్నాడు. ఒకరోజు స్కూలు పని కోసం ఇందు అతని కంప్యూటర్లో వేరే బ్రౌజర్ పెడితే, జీవితంలో మొదటిసారి పిల్లమీద చెయ్యెత్తాడు. ఇందు ఏడవలేదు. చెంప పట్టుకుని, "సారీ అంకుల్," అంది.

హైమ ఆ రోజు గడిలో 'అవును' అని రాసింది.

*

గడువు ముగిశాక ఆమె విరించిని కూచోబెట్టి అంతా చెప్పింది. కళ్ళ పరీక్ష కాదని, తీవ్రత పెంచమన్నది తనేనని, ఎందుకు పెంచమందో కూడా చెప్పింది. ఈసారి అతని అనుమతి లేకుండా ఏదీ చెయ్యకూడదనుకుంది.

అతను శ్రద్ధగా విన్నాడు. "అయితే నన్ను ఇప్పుడు నీమీదకో, ఇందుమీదకో బిగించాలి. అంతేనా?"

"ఒక్కరిమీదకే కుదురుతుంది. నీకు ఎవరు కావాలి?"

"నాకు ఎవరైనా ఒకటే. అదే కదా సమస్య అంటున్నావు. ఇలాగే ఉండిపోయినా నాకేం ఇబ్బంది లేదు, మారినా లేదు. నన్ను అడిగి లాభం లేదు హైమా. నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అతను పట్టుకోనిచ్చాడు. ఆమె ఎప్పుడు వదిలేస్తే అప్పుడు తీసుకుందామన్నట్టు ఆ చెయ్యి అలా పడి ఉంది.

మిషన్ ముందు రెండు ఫోటోలు పెట్టారు. ఒకటి హైమది, ఒకటి ఇందుది. హైమ తన ఫోటోని చాలాసేపు చూసింది. మనసు ఎటు లాగిందో తనకి తెలుసు. అతను మళ్ళీ తనకేసి ఒక్కసారి పాత చూపు చూస్తే చాలనిపించింది. పిల్ల చిన్నది, మరిచిపోతుంది, తను ఇద్దరికీ సరిపడా ప్రేమిస్తుంది, ఇలా ఎన్నో కారణాలు వరసగా వచ్చాయి. ఆ కారణాలు ఎక్కడినుంచి పుడతాయో పదేళ్ళు చదివిన మనిషి ఆమె. తన ఫోటో తీసి సంచిలో వేసుకుంది.

ఇందుది బిగించారు.

బయటికొచ్చిన విరించి వసారాలో బెంచీమీద ఉన్న కూతుర్ని చూసి పరుగున వెళ్ళి ఆమె ముందు మోకాళ్ళమీద కూలబడ్డాడు. కట్టు విప్పిన ఆ భుజాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ఏడ్చాడు. ఇందు మొదట కర్రలా బిగుసుకుపోయింది. కాసేపటికి అతని జుట్టులో వేళ్ళు పెట్టి, "ఫర్వాలేదులే నాన్నా," అంది. అప్పుడు తనూ ఏడ్చింది. వాళ్ళిద్దరి పక్కన హైమ నిలబడింది. ఎవరూ ఆమెకేసి చెయ్యి చాపలేదు.

*

మూడు వారాలు ఇల్లు ఇల్లులా ఉంది. తండ్రీకూతుళ్ళు కలిసి తినేవారు, కలిసి నవ్వేవారు. విరించి హైమని నొప్పించే మాట ఒక్కటీ అనలేదు. అద్దెకుండేవాళ్ళని పలకరించినట్టు పలకరించేవాడు.

నాలుగో వారం అతను కర్నూలుకి బదిలీ పెట్టుకున్నాడని తెలిసింది. హాల్లో రెండు పెట్టెలు సర్ది ఉన్నాయి. మూడోది లేదు.

"ఆలోచించాను," అన్నాడు విరించి. "పందెం నెగ్గడానికి ఇంట్లో మనిషి తల విప్పినదానివి. పిల్ల అన్నం మానేస్తే ఫారం నింపినదానివి. అలాంటి మనిషి దగ్గర ఇందుని ఉంచలేను."

"నేనే కదా దాన్ని ఎంచుకున్నాను! నన్ను కాదని దాన్నే పెట్టాను విరించీ!"

"తెలుసు. మంచి పని చేశావు. కానీ అది సరిపోదు. నాకు నీమీద కోపం లేదు హైమా. క్షమిద్దామని కూడా చూశాను. అందుకు లోపల నీకోసం ఏదో ఒకటి ఉండాలి. వెతికాను. ఏమీ లేదు."

గదిలోంచి ఇందు వచ్చింది. స్కూలు సంచి భుజాన ఉంది.

"నాన్నని అలా చేసింది నువ్వేనా?"

హైమ విరించికేసి చూసింది.

"అడిగింది, చెప్పాను," అన్నాడు అతను. "దాచడానికి నాకేం కారణం కనబళ్ళేదు."

"నేనే ఇందూ," అంది హైమ. "కానీ తల్లీ..."

"నేను నీళ్ళలో ఉన్నప్పుడు కూడా నీకు తెలుసా? నాన్న ఎందుకు రాలేదో?"

హైమ ఆమె సంచి పట్టీ పట్టుకుంది. ఇందు అది విడిపించుకుంది. పెద్ద పెట్టె తండ్రి పట్టుకున్నాడు, చిన్నది తను పట్టుకుంది. మిట్టమధ్యాహ్నం ఆటోలో స్టేషన్‌కి వెళ్ళిపోయారు.

*

దూత కంపెనీ ల్యాబ్‌ని మూడింతలు పెంచింది. బ్రౌజర్ల సంగతి పక్కకి పోయింది. సడలింపు కోసం మనుషులు తమంతట తామే వస్తున్నారు. బిడ్డ పోయినవాళ్ళు, ప్రేమ చెడినవాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు. వసారాలో కుర్చీలు చాలక మెట్లమీద కూచుంటున్నారు.

"నీకెందుకు ఈ బాధ?" అన్నాడు మార్కండేయులు ఒకరోజు. "నీ పేరు ముందు పెట్టిస్తాను. నలభై నిమిషాలు. ఆ తర్వాత హాయిగా ఉంటావు."

హైమ రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు వెళ్ళి కుర్చీలో కూచుంది. కొత్తగా చేరిన అమ్మాయి ఆమెకి టోపీ పెట్టి, "ఎవర్ని సడలించమంటారు మేడమ్? ఫోటో ఇవ్వండి," అంది.

స్క్రీన్‌మీద ఇందు వచ్చింది. ముందుపన్ను ఊడిన కొత్తలో తీసిన ఫోటో. మానిటర్‌మీద గీత ఒక్కసారిగా లేచి పై అంచుని తాకి, అక్కడే నిలబడిపోయింది.

"ఇంత ఎత్తు నేనెప్పుడూ చూడలేదండీ," అంది ఆ అమ్మాయి కంగారుగా. "తీవ్రత చాలా పెంచాలి. పెంచమంటారా?"

హైమ ఆ గీతని చూస్తూ కూచుంది. తర్వాత టోపీ విప్పి ఆ అమ్మాయి చేతికిచ్చింది.

"వద్దమ్మా. బయట ఎవరున్నారో వాళ్ళని పిలు."

మెట్లమీద కూచున్నవాళ్ళని తప్పుకుంటూ కిందికి దిగి, గేటు దగ్గర నిలబడి, కర్నూల్లో తండ్రి కొనిచ్చిన ఇందు ఫోన్‌కి చేసింది. అది మోగి మోగి ఆగిపోయింది. మర్నాడు మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఆ మర్నాడు కూడా చేసింది.